కొరికి చూసిన బియ్యం

బియ్యం కొనే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూడని మనిషిని మా వైపు ఒకప్పుడు తెలివితక్కువవాడి కింద లెక్కేసేవారు. కిరాణా కొట్టులో బస్తాల మూతులు చుట్టి తెరిచి పెట్టేవారు. వచ్చినవాళ్ళు మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, అరచేతిలో పరిచి, ఉఫ్‌మని ఊది, వాసన చూసి, చివరికి పక్కపంటి కింద పెట్టి కొరికేవారు. పాత బియ్యమైతే టక్కుమని విరుగుతాయి. కొత్తవైతే మెత్తగా నలిగి పంటికి అంటుకుంటాయి. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది, ముసలివాళ్ళకి పొట్ట ఉబ్బరిస్తుంది. అందుకని ఎంత తొందరలో ఉన్నవాళ్ళయినా పంటి కింద పెట్టి చూడకుండా బేరం మొదలుపెట్టేవారు కాదు. కొట్టువాడు కూడా "నా మాటెందుకండి, నోట్లో వేసుకు చూడండి" అనేవాడు. శనగపప్పుకీ, వేరుశనగ గుళ్ళకీ, బెల్లానికీ అదే పద్ధతి. దాన్ని తినడమని ఎవరూ అనుకోలేదు.

ఆ మర్యాద అందరికీ దక్కేదని రాస్తే మాత్రం అబద్ధమాడినట్టే. మాది నిడదవోలు దగ్గర ఒక ఊరు, ఆ ఊళ్ళో చర్చి వెనక పేట. కొట్టు మెట్లెక్కి బస్తాలో చెయ్యి పెట్టే అలవాటు మా పేటవాళ్ళకి లేదు. మేం మెట్టు కింద నిలబడితే కొట్టాయన కాగితం ముక్క మీద కాసిని గింజలు పోసి, వంగి, కాగితం అంచు పట్టుకుని అందించేవాడు. నేను లంగా వేసుకునే వయసులో నాన్న పక్కన నిలబడి అది చూసేదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయేది. నాన్నకి మండేదో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ నాలుగు గింజలూ కొరికి, తల ఊపి, సంచి పట్టేవాడు.

బియ్యం సంగతి మా నాన్నకి తెలిసినంత ఆ కొట్టాయనకి ఏడు జన్మలెత్తినా తెలియదు. నాన్న ఊరి బయట రైస్ మిల్లులో బస్తాలు మోయడానికి చేరాడు. చేరిన నాలుగో ఏడు, పాత బియ్యమని చెప్పి ఎవరో పంపిన లోడు దింపుతుంటే, చిరిగిన బస్తాలోంచి రాలిన గింజలు కొరికి "ఇవి పాతవి కావండి" అన్నాడట. కూలివాడికేం తెలుసని గుమాస్తా కసిరాడు. మిల్లు ఓనరుగారు మాత్రం పిడికెడు బియ్యం ఇంట్లో వండించి చూశారు. ముద్ద ముద్ద. మర్నాటి నుంచి నాన్న వీపు మీదికి బస్తా ఎక్కలేదు. లారీ వస్తే చాలు, ఇనప గొట్టం బస్తాలో గుచ్చి తీసిన గింజలు ఆయన అరచేతిలో పోసేవారు. ఏ కారు పంట, ఎన్ని నెలలు నిలవ ఉంది, తడిసి ఎండిందా, అన్నీ కొరికి చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని. పని ఉన్న రోజు కిళ్ళీ వేసుకునేవాడు కాదు, పచ్చి ఉల్లిపాయ ముట్టేవాడు కాదు, నోరు పాడవుతుందని. అమ్మ వేళాకోళం చేసేది, "మీ నాన్న నోటికి ఉన్న మడి పాస్టరుగారికి కూడా లేదే" అని.

తర్వాత కాలం మారింది. బియ్యం సంచుల మీద రంగురంగుల పేర్లు అచ్చువేసి అమ్మడం మొదలైంది. పెద్ద పట్నాల్లో చవక ధరల పెద్ద షాపులు వచ్చాయి. వాళ్ళు కొనేది కొట్లు కొన్నట్టు కాదు, ఒక్కసారి వందల బస్తాలు. తేమ ఎంత, నూక ఎంత, మిషన్ ఇచ్చే చీటీ ఉంటే చాలు. ఓనరుగారు ఒక రోజు నాన్నని కూర్చోబెట్టి, "వాళ్ళకి మిషన్ చీటీ కావాలటరా, నీ నోరు అక్కర్లేదట" అని ఉన్నమాట చెప్పేశారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన మిల్లు కూడా తర్వాత రెండేళ్ళకి మించి ఆడలేదు. అప్పటికే అమ్మ పోయింది. ఇంట్లో మిగిలింది నాన్నా, డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా కూర్చున్న నేనూ.

అలాంటి షాపే రాజమండ్రిలో పెట్టారు, రెండు వేల సంవత్సరం దాటాక అయిదారేళ్ళకి. ఒక పాత సినిమా హాలు పడగొట్టిన స్థలంలో రెండంతస్తులు లేపి, అద్దాలు బిగించి, అన్నీ అందరికంటే చవక అని గోడంత అక్షరాలు రాయించారు. జనం దాన్ని ఏసీ కొట్టు అన్నారు. ఆడపిల్లలకి ఉద్యోగాలిస్తున్నారని విని నేను వెళ్ళాను. నాన్న నోటి పని పోగొట్టినవాళ్ళ దగ్గరికి నేను పనికి వెళ్ళడమేంటని ఒక్క రాత్రి కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. అదీకాక, అబద్ధమెందుకు, నాకు ఆ షాపు నచ్చింది. యూనిఫాం ఇచ్చారు. చీర మీద ఆకుపచ్చ కోటు, దాని మీద నా పేరున్న బిళ్ళ. జీవితంలో మొదటిసారి ముక్కూ మొహం తెలియనివాళ్ళు నన్ను మేడమ్ అన్నారు.

తెరిచిన వారంలో నాన్న చూడటానికి వచ్చాడు. తోపుడు బండి పట్టుకుని వరస వరసా తిరిగాడు. సబ్బులు వాసన చూశాడు, గరిటెలు అటూ ఇటూ తిప్పి చూశాడు, బియ్యం తొట్టి మూత ఎత్తి చెయ్యి లోపలికి పెట్టాడు. చివరికి ఒక్క బట్టల సబ్బు కొన్నాడు. సాయంత్రం ఇద్దరం పాసింజరులో కలిసి తిరిగొస్తుంటే, బ్రిడ్జి మీద బండి మెల్లగా పోతోంది, ఉన్నట్టుండి అన్నాడు:

"ఎవరూ ఏమీ అడగలేదే."

"ఏం అడగాలి నాన్నా?"

"ఏ పేట అని."

కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, ఆ షాపు నేనే కట్టించినట్టు.

నన్ను వేసింది సరుకుల వరసలో. బియ్యం, పప్పులు, బెల్లం పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొట్లలో పోసి ఉండేవి, జనం గరిటెతో తోడుకుని తూకం వేయించుకోవాలి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నోట్లో వేసుకునేవాళ్ళు. కొరికేవాళ్ళు, నమిలేవాళ్ళు, బెల్లం గిల్లేవాళ్ళు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. మూడో నెలలో హైదరాబాదు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చొక్కా మీద ముడత ఉండదు, మొహంలో నవ్వు ఉండదు. ఒక ఉదయం మా అందరినీ నిలబెట్టి చెప్పాడు, కొనకుండా నోట్లో వేసుకున్నది ఏదైనా దొంగతనమేనని. సబ్బు జేబులో పెట్టుకోవడానికీ, జీడిపప్పు నమలడానికీ తేడా లేదన్నాడు. గోడల మీద బోర్డులు పెట్టించాడు. పట్టుబడ్డవాళ్ళ చేత వెనక గదిలో క్షమాపణ కాగితం రాయించి, ఫోటో తీసి, స్టాఫ్ లోపలికొచ్చే దారిలో గోడకి అంటించమన్నాడు, వాళ్ళు మళ్ళీ వస్తే గుర్తుపట్టాలని. స్టాఫ్ బంధువులెవరైనా పట్టుబడితే ఆ స్టాఫ్ కూడా ఆ రోజే బయటికి. ఇది ఊరికే బెదిరింపు కాదు. బిల్లింగులో పనిచేసే అమ్మాయి ఒకతె, వాళ్ళ ఆడపడుచు పౌడరు డబ్బా సంచిలో వేసుకుంటే, మధ్యాహ్నానికల్లా కోటు విప్పి ఇచ్చేసి ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆమెకేం తెలియదని మాకందరికీ తెలుసు. ఎవరం నోరెత్తలేదు.

తొట్ల దగ్గర జనాన్ని ఆపే పని నాది. ఆ పనిలో నేను ఆరితేరాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ. "తీసుకుని ఇంటికెళ్ళి తినండి", "ఇది పెళ్ళి భోజనం కాదండి", ఇలా నవ్వుతూ అనేదాన్ని, అండీ గారూ తగ్గకుండానే. పెద్ద పెద్దవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు. మనవరాలి బారసాలకి బెల్లం కొనడానికొచ్చిన ఒక మామ్మగారు గిల్లిన ముక్క మళ్ళీ తొట్టిలో పడేసి, తడబడుతూ, వేళ్ళు చీర కొంగుకి తుడుచుకుంది. అది చూసి కూడా నా మనసు కరగలేదు. మేనేజరు దూరం నుంచి చూసి తల ఊపాడు, అది చాలు నాకు.

ఒకసారి మా ఊరి కొట్టాయనే వచ్చాడు. వాళ్ళకి సరుకు ఇచ్చే హోల్‌సేలు ధర కంటే మా షాపు ధర తక్కువ కావడంతో, చుట్టుపక్కల ఊళ్ళ కొట్లవాళ్ళు మా దగ్గర పంచదార, నూనె కొనుక్కెళ్ళి తమ కొట్లలో అమ్ముకునేవాళ్ళు. పాపం, వాళ్ళ బతుకు అలా అయింది. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. తొట్టిలోంచి గింజలు తీసి, అరచేతిలో ఊది, నోట్లో వేసుకోబోయాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"కొనకుండా నోట్లో వేసుకోకూడదండి. బోర్డు చూడలేదా?"

"చూడకుండా ఎలా కొంటామమ్మా బియ్యం?"

"ఇక్కడ అంతేనండి."

ఆయన కాసేపు ఆ గింజలు చేతిలో పట్టుకుని, ఎక్కడ వెయ్యాలో తెలియక, చివరికి తొట్టిలో పోశాడు. నేను ఆ వేళంతా గాలిలో తేలాను. ఇంటికెళ్ళి నాన్నకి అభినయించి మరీ చెప్పాను. నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"చూసుకోనివ్వాల్సింది" అన్నాడు. "బియ్యం కదా."

"మనల్ని చూసుకోనిచ్చాడా ఆయన?"

"కాగితం మీదైనా ఇచ్చాడుగా."

నాకు కోపం వచ్చింది. నీకు రోషం లేదు నాన్నా అన్నాను. ఆయన కంచం కడుక్కుని వచ్చి పడుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే మేనేజరు నన్ను పిలిచి, ఈ నెల గడిస్తే సరుకుల వరస మొత్తానికి నన్నే ఇన్‌చార్జి చేస్తానన్నాడు. నిలబడే ఉద్యోగంలోంచి కూర్చునే ఉద్యోగానికి మారడం. నా కాళ్ళు అప్పటికే రాత్రిళ్ళు వాచిపోతున్నాయి. నాన్నకి చెబితే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేంత పని చేశాడు. పేటలో ఇంటింటికీ చెప్పి వచ్చాడు, "మా అమ్మాయి కింద పదిమంది పనిచేస్తారు" అని. ఆరుగురే అని నేను సరిదిద్దాను. పదిమందే అన్నాడు.

నెల మొదటి శనివారం తగ్గింపు ధరల రోజు. ఆ వేళ ఉదయం రైలు తప్పిపోతుందని పరిగెత్తుతూ అన్నం క్యారేజీ ఇంట్లో మర్చిపోయాను. పదకొండు గంటల వేళ షాపంతా ఇసక వేస్తే రాలనంత జనం. కొత్త బోర్డు పెట్టిన బియ్యం తొట్టి దగ్గర మరీ రద్దీ. ఏడాది పాత బియ్యం అని రాశారు, బజారు ధర కంటే బాగా తక్కువ. నేను పప్పుల చివర ఎవరికో కందిపప్పు తూస్తున్నాను. బియ్యం వైపు జనం గుంపుగా ఆగిపోయి కదలకపోవడం చూసి, ఏం గొడవో అనుకుంటూ అటు నడిచాను.

మధ్యలో మా నాన్న. చర్చికి వేసుకెళ్ళే తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె. అరచేతిలో గింజలు, నోరు మెల్లగా కదులుతోంది. నాకోసం క్యారేజీ పట్టుకొచ్చి, సంచి వాకిట్లో టోకెన్ కౌంటరులో పెట్టి, నేను కనబడేదాకా ఊరికే ఉండలేక బియ్యం చూశాడు. ఆయన కొరికే తీరు చూస్తే తెలిసినవాడని ఎవరికైనా అర్థమవుతుంది. ఒక ముసలి దంపతులు బండిలో పెద్ద సంచి నింపుకుని ఆయన పక్కనే ఆగారు. ఆవిడ అడిగింది, "ఏవండీ, పాతవేనా? ఈయనకి కొత్త బియ్యం పడవండి."

ఆ ప్రశ్న నేను చెవులారా విన్నాను. వద్దు నాన్నా, ఏం చెప్పకు అని మనసులో అనుకున్నాను. ఆయన గింజ ఒకటి వెలుతురుకి పెట్టి చూసి, నెమ్మదిగా, మిల్లులో చెప్పినట్టే చెప్పాడు.

"పాతవి కాదమ్మా. ఈ పంటవే. ధాన్యాన్ని ఆవిరి పట్టించి ఆడారు, అందుకని పైకి గట్టిగా ఉన్నాయి. లోపల చూడండి, పచ్చిగానే ఉంది. ఈయనకి పెట్టకండి."

ఆవిడ సంచి విప్పి బియ్యం తొట్టిలోకి వంపేసింది. పక్కావిడ కూడా వంపేసింది. వెనకున్నవాళ్ళు "ఏంటట, ఏంటట" అంటూ ముందుకి తోసుకొచ్చారు. ఎవరో ఇంకో తొట్టిలోంచి గింజలు తెచ్చి "ఇవి చూడండి బాబాయ్‌గారూ" అని నాన్న చేతిలో పోశారు. ఆయన అవి కూడా నోట్లో వేసుకున్నాడు. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది, ఆయన మొహంలో వెలుగు. మిల్లు మానేశాక అప్పటిదాకా ఆ మొహం నేను చూడలేదు.

సెక్యూరిటీ గార్డు గుంపులోంచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. వెనకే మేనేజరు. అతని కోపం నాలుగు గింజల కోసం కాదని అక్కడున్న అందరికీ తెలుసు. కానీ బియ్యం కొత్తవని చెప్పినవాణ్ణి ఏ నేరం కింద పట్టుకోవాలి? బోర్డు మీద రాసిన నేరం ఒకటి ఉంది కదా, అది దొరికింది.

"ఎవరీయన? రోజూ వస్తాడా? నీ సెక్షన్ కదా, నీకు తెలుసా?" మేనేజరు నన్నే అడిగాడు.

నాన్న అప్పుడే నన్ను చూశాడు. చూడగానే నవ్వబోయాడు. కోటు వేసుకుని, బిళ్ళ పెట్టుకుని నిలబడ్డ కూతురిని చూసిన నవ్వు. ఏడుస్తూ వెళ్ళిపోయిన ఆ బిల్లింగు అమ్మాయి నా కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లో ఒక్క జీతం, అది నాది.

"తెలీదు సార్" అన్నాను.

నాన్న నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, కళ్ళు దించుకుని, గార్డు వైపు తిరిగి "పదండి బాబూ, ఎక్కడికి రమ్మంటారు?" అన్నాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కాగితం రాయించేది ఎప్పుడూ గార్డే. ఆ రోజు రద్దీలో మేనేజరు "నీ సెక్షనే కదా, నువ్వే రాయించు" అని నన్నే వెనక గదిలోకి పంపాడు. అట్టపెట్టెల మధ్య ఒక స్టూలు మీద నాన్నని కూర్చోబెట్టారు. గార్డు ఆయన జేబులు వెతికాడు. రుమాలు, రైలు టిక్కెట్టు, సంచి టోకెను. టోకెను పట్టుకెళ్ళి సంచి తెచ్చాడు. లోపల నా క్యారేజీ.

"ఇదెవరికి?" అన్నాడు గార్డు.

"నాకేనండి. దార్లో తిందామని."

గార్డు మూత తీసి చూసి మూసేశాడు. నాకిష్టమని చేసిన బీరకాయ పచ్చడి వాసన గదంతా వచ్చింది. నేను అచ్చు కాగితం బల్ల మీద పెట్టుకుని, పెన్ను తీసి, తల ఎత్తకుండా అడిగాను.

"మీ పేరండీ?"

కన్నతండ్రిని మీ పేరండీ అని అడిగాను. ఆయన చెప్పాడు. ఇంటిపేరు దగ్గర కాస్త ఆగి మా అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు చెప్పాడు. నా కాగితాల్లో ఉన్న ఇంటిపేరుతో కలవకూడదని. ఊరు కూడా మార్చి, పిఠాపురం దగ్గరని ఏదో చెప్పాడు. అబద్ధమాడటం రాని మనిషి. పాస్టరుగారి దగ్గర కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పి చిక్కుల్లో పడే మనిషి. నేను అడిగినవాటికల్లా తడుముకోకుండా అబద్ధాలు చెబుతున్నాడు, నేను వాటిని చక్కటి దస్తూరీతో రాస్తున్నాను.

కాగితం కింద ఒక గడి ఉంది, పూచీగా వచ్చి తీసుకెళ్ళే మనిషి పేరు రాయడానికి. గార్డు అడిగాడు, "మీవాళ్ళెవరున్నారు పెద్దాయనా? కొడుకులు, కూతుళ్ళు? ఎవరో ఒకరు రావాలి, ఫోన్ చేయిస్తాం."

నాన్న నా వైపు చూడలేదు. గార్డు మొహం చూసే చెప్పాడు.

"నాకెవరూ లేరండి."

ఆ గడిలో నేను ఎవరూ లేరు అని రాశాను. రాసి, కాగితం ఆయన వైపు తిప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాను. ఆయన పెట్టాడు. గార్డు గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీశాడు. పిచ్చివాడు, ఫోటో అనగానే మా నాన్న చొక్కా కాలరు సర్దుకున్నాడు.

పూచీకి ఎవరూ లేకపోయినా, కాగితమూ ఫోటో ఉన్నాయి కదా అని వదిలేశారు. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి ఆయన నీళ్ళు కాచి పెట్టి ఉన్నాడు. క్యారేజీ అరుగు మీద ఉంది, గిన్నెలు తీసినట్టు లేదు. దారిలోనూ తినలేదు. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఏడుపులో కూడా నాకు ఆయన మీదే కోపం.

"నీకెందుకు నాన్నా? ఎవరో అడిగితే చెప్పెయ్యడమేనా?"

"అడిగింది కదే ఆవిడ."

"తెలీదు అంటే పోయేది కదా."

"తెలుసు కదా" అన్నాడు. నిజంగానే ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. కాసేపయ్యాక అడిగాడు, "ఉద్యోగానికేం ఇబ్బంది రాలేదు కదా?"

రాలేదన్నాను.

"మరింకేంటి? నువ్వు తెలీదన్నావు, నేను లేరన్నాను. ఇద్దరం ఒక్క మాట మీదే ఉన్నాం. లే, కాళ్ళు కడుక్కో." నన్ను నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. పొద్దుటి అన్నమే ఇద్దరం తిన్నాం. తింటూ "ఆ బియ్యం మాత్రం మనింటికి తేకు" అన్నాడు.

నెల గడిచింది. నన్ను ఇన్‌చార్జి చేశారు. కుర్చీ ఇచ్చారు. నాన్న ఈసారి పేటలో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా బియ్యం కొనితెచ్చి, ఎప్పట్లాగే అరచేతిలో పోసి చూడమంటే, "నోరు బాలేదురా" అనేవాడు. ఒకసారి అన్నాడు, రెండుసార్లు అన్నాడు, తర్వాత వాళ్ళే రావడం మానేశారు. ఇంట్లోకి నేనేం తెస్తే అది వండేవాడు, చూసేవాడు కాదు. అన్నం ముద్దయిన రోజున కూడా ఏమీ అనకుండా తినేవాడు. నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

షాపులో స్టాఫ్ దారి గోడ మీద ఆయన ఫోటో ఉంది. పైవరసలో, పౌడరు డబ్బా ఆవిడ పక్కన. పట్టుబడ్డవాళ్ళని గమనించండి అని పైన అచ్చక్షరాలు. రోజూ పొద్దున ఆ గోడ పక్కనే హాజరు పుస్తకం. సంతకం పెట్టేటప్పుడు మొదట్లో తల దించుకునేదాన్ని. అది చింపేస్తే ఎవరు చింపారని అడుగుతారు. అందుకని చింపలేదు. కొన్నాళ్ళకి తల దించుకోవడం మర్చిపోయాను. ఒక రోజు సంతకం పెట్టి, పక్కావిడతో ఏదో జోకు వేసి లోపలికి వెళ్ళాక గుర్తొచ్చింది, ఆ వేళ గోడ వైపు నా ధ్యాసే పోలేదని.

కొన్ని నెలలకి తొట్ల దగ్గరికి ఒక కొత్త అమ్మాయి చేరింది. కోరుకొండ వైపు పిల్ల, ఇంటర్ చదివింది, అన్నిటికీ ఎందుకు అని అడిగే రకం. మొదటి రోజు హాజరు పుస్తకం దగ్గర నిలబడి ఫోటోలన్నీ వరసగా చూసింది. నాన్న ఫోటో దగ్గర ఆగింది.

"ఈ తాతగారు చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్నారక్కా. ఏం తీశారు?"

చుట్టూ ఎవరూ లేరు. మేనేజరు ఊళ్ళోనే లేడు. ఆ అమ్మాయికి నేనెవరో తెలియదు, నేను ఏది చెప్పినా అటు వెళ్ళి ఎవరికైనా చెప్పే ధైర్యం ఉన్న పిల్ల కూడా కాదు. మా నాన్న అని చెప్పడానికి నాకు అడ్డు ఏదీ లేదు. నేను ఆ ఫోటో వైపు చూశాను. కాలరు సర్దుకుని, కొంచెం మొహమాటంగా, చర్చి మెట్ల మీద నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"తెలీదమ్మా" అన్నాను. "నేను చేరకముందు సంగతి."

మొదటిసారి భయపడి అన్నాను. ఈసారి భయం కూడా లేదు. మాట దానంతటదే వచ్చింది. తర్వాత ఆ అమ్మాయిని బియ్యం తొట్ల దగ్గరికి తీసుకెళ్ళి, జనం చెయ్యి లోపలికి పెట్టకుండా ఎక్కడ నిలబడాలో చూపించాను.